నొక్కమని చెప్పే బొమ్మలు

నేను వీడియో గేముల్లో బటన్ల బొమ్మలు గీస్తాను. ఈ మాట చెప్పాక ఎదుటివాళ్ళు ఒక క్షణం ఆగుతారు, ఇంకేదో చెబుతానని. ఇంకేమీ లేదు. ఆటలో తలుపు దగ్గరికి వెళ్ళగానే తెర మీద ఒక చిన్న గుండ్రం వెలిగి, తెరవాలంటే ఫలానా బటన్ నొక్కమంటుందే, ఆ గుండ్రం నాది. పడవ ఎక్కడానికి ఒకటి, నిచ్చెన దిగడానికి ఒకటి, చచ్చిపోయాక మళ్ళీ మొదలుపెట్టడానికి ఒకటి. మా వాళ్ళు వీటిని ప్రాంప్టులంటారు. కొండలు, కోటలు, రాక్షసులు వేరేవాళ్ళు గీస్తారు. వాటిని జనం చూసి ముచ్చటపడతారు. నా బొమ్మను చూసినవాడికి, చూశానన్న సంగతి కూడా తెలియకూడదు. అప్పుడే నేను పని బాగా చేసినట్టు. పదిహేనేళ్ళుగా ఇదే చేస్తున్నాను. అలసిపోయాను.

మా బంధువులకి ఈ ఉద్యోగం గురించి వివరించడం మానేసి చాలాకాలమైంది. పెళ్ళిలో పక్కన కూర్చున్న ముసలామె ఎవరో "ఏటి పని సేస్తన్నావే గుంటా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకునేది. "కంప్యూటర్లో బొత్తాలు కుడతాది." అవతలామె తృప్తిగా తలూపేది. కుట్టుపని అందరికీ తెలిసిందే కదా. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పోను పోను, అంతకన్నా మంచి వివరణ నా దగ్గర కూడా లేదని తెలిసొచ్చింది.

అత్త అంటే మా నాన్నకి సొంత అక్క, మా ఆయనకి అమ్మ. మేనరికం కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు ఆమె దగ్గర "మీరు" అన్న మాటే లేదు. బొబ్బిలి దగ్గర పల్లెలో వరి, చోడి, గోగు పండించిన ఇల్లు వాళ్ళది. చెరువులో నానబెట్టిన గోగు కట్టల్లోంచి నార ఒలిచి ఒలిచి ఆమె అరచేతులు చెక్కలా ఉండేవి. మావయ్య పోయాక విజయనగరంలో మా దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో మేం ముగ్గురమే. మా ఆయన పొద్దున్నే బస్సెక్కి రాజాంలో జూట్ మిల్లుకి వెళ్ళి, దీపాలు పెట్టాక వస్తాడు. మా అమ్మాయి ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నేను ముందు గదిలో కూర్చుని హైదరాబాదులోని స్టూడియోకి పనిచేస్తాను. అక్కడే ఎనిమిదేళ్ళు పనిచేసి, ఇంటికి వచ్చేశాక కూడా వాళ్ళకే చేస్తున్నాను.

పోయిన ఆషాఢంలో ఒక పొద్దున్న అత్త పళ్ళు తోముకుంటూ గోడకి ఆనుకుని జారిపోయింది. పక్షవాతం, కుడివైపు పడిపోయింది. ఆస్పత్రిలో పన్నెండు రోజులున్నాం. కాలు మెల్లగా తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. మాట కొంచెం ముద్దగా వచ్చినా, మనిషి నోరు మటుకు తగ్గలేదు. చెయ్యే రాలేదు. కుడిచెయ్యి ఒళ్ళో వేరే ఎవరిదో అన్నట్టు పడి ఉండేది.

ఇక్కడే మా కష్టం మొదలైంది. అత్త ఎడంచేత్తో అన్నం తినదు. చెంచా ఇచ్చి చూశాను. "ఎడం సేత్తో తినీదానికి నాను సచ్చిపోయినా పర్లేదే" అని మొహం తిప్పేసుకుంది. డాక్టరు చెప్పాడు, కొడుకు చెప్పాడు, మనవరాలు ఫోన్లో బతిమాలింది. ఏం లాభం లేకపోయింది. ఎడంచెయ్యి దేనికో దానికే, నోటికి కాదు. అందుకని రోజూ మూడు పూటలా నేనే కలిపి పెట్టాలి.

పొద్దుటి పూట ఫర్వాలేదు, రాత్రి మా ఆయన ఉంటాడు. మధ్యాహ్నంతోనే చావొచ్చేది. ఒంటిగంటన్నరకి స్టూడియోలో మా టీమ్ లీడ్‌తో కాల్ ఉంటుంది, రోజూ. పన్నెండున్నర దాకా పని తెగదు. ఆ తర్వాత కుక్కరు దించడం, పప్పు పోపు పెట్టడం, అత్తకి మొహం కడిగి కూర్చోబెట్టడం. ఒంటిగంటా ఇరవైకి గాని కంచం చేతికొచ్చేది కాదు. అప్పుడు నేను పెట్టే తీరు ఒకటుంది, దాని గురించి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. మొదటి ముద్ద ఆమె మింగకముందే రెండో ముద్ద పెదాల దగ్గర సిద్ధంగా ఉండేది. మజ్జిగన్నం దాకా ఐదు నిమిషాలు. ఆమె మూతి తుడిచి, నా కంచం తీసుకుని కీబోర్డు పక్కన పెట్టుకునేదాన్ని. కాల్ అయ్యేసరికి అన్నం చల్లారి గట్టిపడిపోయేది. వేడన్నం తిని ఎన్ని నెలలైందో అని ఏడుపొచ్చేది. ఆ ఏడుపు ఎవరి మీదో కూడా తెలిసేది కాదు.

నా పనిలో ఒక సూత్రం ఉంది. ఆటగాడు ఏం చెయ్యాలో తోచక ఐదు సెకన్లు నిలబడిపోతే ప్రాంప్టు వెలగాలి. పది సెకన్లయితే అది ఊగాలి. పదిహేనైతే ఆటే ఆ పని చేసేసి, అతన్ని ముందుకు తోసెయ్యాలి. ఆగిపోయినవాడు ఆట వదిలేసి వెళ్ళిపోతాడని మా వాళ్ళ భయం. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, మేం అడక్కముందే పెడతాం. అదే మా గొప్ప.

హైదరాబాదులో ఉన్నప్పుడు ఒకసారి కొత్త ఆటను పరీక్షించడానికి బయటివాళ్ళను పిలిచారు. అద్దం వెనక కూర్చుని మేం చూస్తున్నాం. నలభై ఐదేళ్ళ మనిషి వచ్చాడు, ఆటాడే బటన్లుండే కంట్రోలర్ ఎప్పుడూ పట్టుకున్నవాడు కాదు. నా గుండ్రం వెలగ్గానే అతను తల దించి చేతిలో ఆ బటన్ ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. దొరికి తల ఎత్తేసరికి ఆటే ఆ పని చేసేసింది, గుండ్రం ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ తల దించాడు, మళ్ళీ ఆరిపోయింది. నాలుగోసారి కంట్రోలర్ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఇది నాకు కాదులెండి" అని లేచి వెళ్ళిపోయాడు. మా లీడ్ నోట్సులో రాసుకున్నది ఒకటే మాట, బొమ్మ సైజు పెంచాలని. ఎవరూ టైము పెంచుదామనలేదు. నేను కూడా అనలేదు. ఆ ఉద్యోగంలో నోరు మూసుకుని పడి ఉండడం నాకు త్వరగానే అబ్బింది.

అత్తకి చెయ్యి రావాలని ఫిజియోథెరపీ పెట్టించాం. కోట దగ్గర చిన్న క్లినిక్కు. అక్కడి అమ్మాయి పాతికేళ్ళది, కానీ ఓపికలో అరవై ఏళ్ళది. వారానికోసారి ఆటోలో తీసుకెళ్ళేదాన్ని. భాద్రపదంలో ఆ అమ్మాయి మా టాబ్లెట్‌లో ఒక ఆట వేసిచ్చింది. తెర మీద బుడగలు లేస్తాయి. బుడగ చుట్టూ ఒక ఎర్రటి ఉంగరం మూడు సెకన్లలో చిన్నదైపోతుంది. ఆలోగా కుడిచేతి వేలితో ముట్టుకుంటే బుడగ పగులుతుంది. మొత్తం ఇరవై.

"మామ్మా, కుడిసేత్తోనే ఆడాల. మర్సిపోవు గదా?" అంది ఆ అమ్మాయి.

"నాకు సెవుడు నేదులే అమ్మా" అంది అత్త.

ఆ ఆట చూడగానే నా కళ్ళు మండాయి. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. ముట్టుకోమని చెప్పే చెయ్యి బొమ్మ ఏ చెయ్యో తెలియడం లేదు. ఉంగరం చావుకబురు తెచ్చినట్టు ఎర్రగా ఉంది. ఆడేవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, గీసినవాళ్ళకీ లేదు, మధ్యలో నాకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకి. అయినా ఆ బాధ నాలుగు రోజులు పోలేదు.

మొదటి రెండు రోజులు నేను పక్కనే నిలబడ్డాను. అత్త కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి, తెర దాకా వచ్చి, వేలు చాపేసరికి ఉంగరం మూసుకుపోయేది. ఇరవైలో సున్నా. మర్నాడూ సున్నా. మూడో రోజు నుంచి ఆమెను వరండాలో కూర్చోబెట్టి, టాబ్లెట్ పీట మీద పెట్టి, నేను నా గదిలోకి వచ్చేసేదాన్ని. అరగంట తర్వాత వెళ్ళి స్కోరు చూసేదాన్ని. ఏడు. తొమ్మిది. వారం తిరిగేసరికి పదిహేను. దసరాలు దాటేసరికి పద్దెనిమిది.

మా ఆయనకి పట్టపగ్గాల్లేవు. "మా యమ్మంటే ఏటనుకున్నావు మరి" అని నాతో, "అమ్మా, ఇంకో రెండే" అని ఆమెతో. అత్త పైట సర్దుకునేది. నాకూ లోపల ఆశ పుట్టింది. ఇంకో నెల, మహా అయితే రెండు. ఆమె తన కంచం తను చూసుకుంటుంది, నేను నాది చూసుకుంటాను. నిజం చెప్పాలంటే నేను ఆశపడ్డది ఆమె చెయ్యి కోసం కాదు, నా మధ్యాహ్నం కోసం.

క్లినిక్కులో మాత్రం ఆ అమ్మాయి అత్త వేళ్ళు పట్టుకుని వంచి, ముడిచి, తెరిచి, నుదురు చిట్లించేది. "ఆటలో ఇంత బాగున్నాది, సేతిలో ఏటీ నేదేటి మేడం?" అనేది నాతో. నాకేం తెలుసు? మన వాళ్ళకి పరీక్షల్లో మార్కులు ఒకరకం, చదువు ఇంకోరకం కదా అనుకున్నాను.

కార్తీకం వచ్చింది. ఒక ఆదివారం తోచక, ఆ బుడగల ఆటను నేనే మళ్ళీ గీద్దామనుకున్నాను. నాకు కోడింగ్ రాదు. కానీ గీసిన బొమ్మను ముట్టుకుంటే మారేలా చేసి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మా అందరి దగ్గరా ఉంటుంది. బుడగలంటే అత్తకి ఏం పడుతుంది? ఆమెకు తెలిసిన వస్తువు ఉండాలి. అందుకని మట్టి ప్రమిదలు గీశాను, వరసగా పది. వత్తి కొసన ముట్టుకుంటే దీపం వెలుగుతుంది. పదీ వెలిగితే వెనక తులసికోట కనిపిస్తుంది. మూడు సెకన్ల ఉంగరం ఉంచేశాను, ఎర్రది తీసేసి పసుపుపచ్చది పెట్టాను. పదిహేనేళ్ళలో నాకోసం నేను గీసిన మొదటి ప్రాంప్టు అదే. బాగుందని నాకే అనిపించింది.

సోమవారం టాబ్లెట్ ఇచ్చి నా గదిలోకి వెళ్ళాను. అరగంట తర్వాత వచ్చి చూస్తే సున్నా. మంగళవారం సున్నా. బుధవారం ఒకటి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదివారమంతా కూర్చుని చేసిన పని. పైగా ఉద్యోగంలో ఆ వారమే నా గుండ్రాలన్నీ మార్చమన్నారు, ఎవరో పెద్దాయనకి రంగు నచ్చలేదట.

"ఎవరో గీసిన బుడగలు పద్దెనిమిది పగలగొట్టావు. నేను గీసిన దీపాలు వెలిగించడానికి నీకు చెయ్యి రావడం లేదా అత్తా?" అన్నాను.

అత్త నా వంక చూసింది. తర్వాత అంది, "ఎడం సేత్తో దీపం ముట్టిస్తారేటే ఎవులైనా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే వరండా గట్టు మీద కూర్చుండిపోయాను. రెండు నెలలుగా పగిలిన బుడగలన్నీ ఎడంచేతివి. మేం చేసుకున్న సంబరమంతా ఎడంచేతిది. క్లినిక్కులో ఆ అమ్మాయి నుదురు చిట్లించడంలో తప్పేమీ లేదు.

"అది బొమ్మ అత్తా. నూనె లేదు, వత్తి లేదు."

"బొమ్మయితే మటుకు? దీపం దీపమే."

"మరి బుడగలు?"

"బుడగలకేటి, సబ్బునురగ. ఏ సేత్తో కొడితే ఏటి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మమ్మల్నందర్నీ రెండు నెలలు బోల్తా కొట్టించింది, దీపం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమెకు అబద్ధం ఆడడం చేతకాలేదు. "ఎందుకలా చేశావు?" అని గట్టిగానే అడిగాను.

"ఆ ఎర్రది గబగబా మూసుకుపోతన్నాది. నువ్వు పక్కన నిల్సుని ఉస్సూరంటన్నావు. సరేలే, దీని పని దీనికి అయిపోద్దని ఎడం సేత్తో కొట్టీసినాను."

నేను ఉస్సూరన్నానా? నాకు గుర్తులేదు. కానీ అనే ఉంటాను. ఆ రోజుల్లో ఊపిరి తీసుకున్నప్పుడల్లా నాకు అదే చప్పుడు వచ్చేది.

ఆ పూటే ఉంగరం తీసేశాను. ఏమీ మూసుకుపోదు, ఏమీ ఊగదు, ఏదీ దానంతటదే వెలగదు. పది ప్రమిదలు అలా ఉంటాయి, ఎంతసేపైనా. మా స్టూడియోలో ఎవరైనా చూస్తే ఇది ఆటే కాదంటారు. మర్నాడు కాల్లో ఉండబట్టలేక మా లీడ్‌తో అన్నాను కూడా, మన ప్రాంప్టు కూడా కొంచెం ఆగితే ఏమవుతుందని. "జనానికి ఓపిక లేదు మేడం" అన్నాడు. అతని తప్పేమీ లేదు. నాకూ ఓపిక లేదు.

అత్త ఆ రోజు పావుగంటలో ఒక్క దీపం వెలిగించింది, వేలితో కాదు, వేలి కణుపుతో. నేను తలుపు చాటునుంచి చూశాను. చెయ్యి ఒళ్ళోంచి లేచి, గాల్లో వణికి, పీట అంచుకి తగిలి ఆగి, మళ్ళీ లేచింది. ఎడంచెయ్యి కర్రను గట్టిగా పట్టుకుని ఉంది, సాయానికి రాకుండా. దీపం వెలిగాక ఆమె ఆ చేత్తోనే దణ్ణం పెట్టబోయింది గాని, అంత ఎత్తు లేవలేదు.

అలా కార్తీకమంతా గడిచింది. మార్గశిరంలో పదీ వెలిగాయి, ముప్పావుగంటలో. తర్వాత ప్రమిదలు చిన్నవి చేశాను. తర్వాత ఇంకా చిన్నవి. పుష్యంలో వత్తిని రెండు వేళ్ళతో చిదిమి పైకి లాగితేనే వెలిగేలా మార్చాను. ఆమె వరండాలో, నేను గదిలో. ఎవరి తెర ముందు వాళ్ళం. భోజనాల దగ్గర మటుకు ఏమీ మారలేదు. ఒంటిగంటా ఇరవై, కంచం, ముద్ద వెనక ముద్ద, ఒంటిగంటా ఇరవై ఐదు. చెయ్యి వస్తే ఆమే చెబుతుందిలే అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా ఎక్కువే, ఆ సంగతి ఆలోచించే తీరిక చేసుకోలేదు.

ఫాల్గుణంలో ఒక రోజు క్లినిక్కుకి వెళ్ళాం. ఆ అమ్మాయి ఒక గిన్నెలో గుప్పెడు చింతపిక్కలు పోసి, పక్కన ఖాళీ గిన్నె పెట్టింది. "మామ్మా, ఒక్కొక్కటీ ఇందులోంచి అందులోకి." అత్త మొదలుపెట్టింది. నెమ్మదే, కానీ ఒక్క పిక్క కూడా కింద పడలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు దగ్గరికొచ్చి పిక్కను పట్టుకున్న తీరు చూసి ఆ అమ్మాయి నోరు తెరిచేసింది.

"ఇంట్లో తనే తింతన్నారు గదా మేడం?" అంది నాతో, సంతోషంగా.

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది, "తింతన్నాను తల్లీ. నానే తింతన్నాను."

నా పరువు కాపాడడానికే ఆ మాట అన్నదని నాకు తెలుసు. అలా అన్నదని ఆమె మీద కోపం, అనాల్సొచ్చిందని నా మీద కోపం. ఇంటికొచ్చి వంట చేశాను. ఒంటిగంటా ఇరవైకి కంచంలో అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర వడ్డించి, ఆమె ముందు బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"కలిపి పెట్టవేటే?" అంది.

"నువ్వు తిను అత్తా. తింటున్నానని చెప్పావు కదా."

కంచం వంక చూసింది. కుడిచెయ్యి తీసి అన్నం మీద పెట్టింది. పప్పును ఓ పక్కకి లాక్కుని కలపసాగింది. మెతుకులు అంచుదాకా వెళ్ళేవి, వేళ్ళు వెనక్కి తెచ్చుకునేవి. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకెళ్ళింది, కంచం దగ్గరికి జరపడానికి. వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి మళ్ళీ వెళ్ళింది.

"నీ సెయ్యి తియ్యే" అంది అత్త, తలెత్తకుండా.

ముద్ద అయింది. పైకి లేచింది. గడ్డం దగ్గర ఒకసారి ఆగి, నోట్లోకి వెళ్ళింది. రెండో ముద్ద. మూడోది. నాలుగోది చూస్తుండగా నాకు అనుమానం వచ్చింది. పదిహేనేళ్ళుగా నా పని మనుషుల చేతులు చూడడమే. మొదటిసారి పట్టుకునే వేళ్ళు ఎలా తడుముకుంటాయో, అలవాటైన వేళ్ళు ఎలా వెళ్తాయో నాకు తెలుసు. ఇవి ఇవాళ కొత్తగా ముద్ద చేస్తున్న వేళ్ళు కావు.

"ఎప్పట్నుంచి వచ్చింది అత్తా నీకిది?"

ఆమె నమిలి మింగింది. "మాగమాసం కాణ్ణుంచి. నువ్వు గదిలో ఉన్నప్పుడు డబ్బాలో మరమరాలు తీసి తింతన్నాను. మొన్న ఓ పాలి పొద్దుటి అన్నం కూడా కలుపుకున్నాను."

"నెల దాటింది! మరి చెప్పలేదేం? రోజూ నేను పెడుతుంటే నోరు తెరుచుకుని కూర్చున్నావు!" నా గొంతు పెద్దదైంది. నెల రోజుల చల్లటి అన్నాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

అత్త వేళ్ళు కంచంలోనే ఉన్నాయి. నా కోపం ఆమెకు అర్థమైనట్టు లేదు.

"సెప్తే ఏటవుతాది? నువ్వే తినమంటావు. నాను తింతే గంట పడతాది. ఒంటిగంటన్నరకి నువ్వు ఆ ఫోన్ కాడ కూకోవాల గదా. నువ్వు పెడితే ఐదు నిమసాల్లో అయిపోద్ది. ఇంటిదాని పని సెడిపోకూడదని నోరు తెరుస్తన్నాను గానీ, ఒకలు పెడితే తినడం నాకేటి సంబరమేటే?"

ముందు గదిలో ఫోన్ మోగింది. ఒంటిగంటన్నర.

"ఎల్లు, పిలస్తన్నారు" అంది. "నాను మెల్లగా తింతాను."

నేను లేవలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ మోగి ఆగిపోయింది. వంటింట్లోకి వెళ్ళి నా కంచంలో అన్నం పెట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాను. పొగలు వస్తున్నాయి. నాలుగు మెతుకులు కూడా లోపలికి పోలేదు. ఆమె ఒక్కో ముద్దా చేసుకుని, ఎత్తుకుని, నములుతూ, వంకాయలో ఉప్పు తక్కువైందని చెబుతూ తింటోంది. నేను ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాను. మజ్జిగన్నం చివరి ముద్ద తిని, కంచం అంచున వేళ్ళు తుడుచుకున్నాక గోడ గడియారం వంక చూశాను. గంట పట్టలేదు. నలభై నిమిషాలు. కాల్‌ని రెండింటికి జరపమని ఒక్క మాట అడిగి ఉంటే, ఈ ఎనిమిది నెలల్లో ఏ రోజైనా సరే, నా దగ్గర ఆ నలభై నిమిషాలు ఉండేవి.